అరవై ఒక్క గోల్స్ కుర్రాడు

బఫెలో పత్రికలవాళ్లకు లొరెయిన్ పజాక్ అంటే సగం భయం, సగం గౌరవం. ఇరవై రెండేళ్లు ఆ ఊరి దినపత్రికలో ఆటల పేజీ చూసిన మనిషి. కుర్ర విలేఖరి ఎవడైనా స్కోరు తప్పు రాసుకొస్తే ఆ కాగితం తిరిగి వాడి చేతికే ఇచ్చి, ఆటగాడి తల్లికి ఫోన్ చేసి ఇది చదివి వినిపించు, ఆవిడ ఒప్పుకుంటే అచ్చు వేద్దాం అనేది. పత్రిక చిక్కిపోయి, బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చి, చివరికి ఆమె బల్ల వంతు కూడా వచ్చింది. యాభై నాలుగో ఏట హార్బర్ క్లబ్‌లో ప్రెస్ ఆఫీసరుగా చేరింది.

హార్బర్ ఆ ఊరి సాకర్ జట్టు. ఆ ఊళ్లో ఆట అంటే ఆదివారం మధ్యాహ్నం హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆటే, మిగతావన్నీ కాలక్షేపం. సాకర్ అంటే మంచు కరిగాక పిల్లలు ఆడుకునేది, తల్లులు మడత కుర్చీల్లో కూర్చుని చూసేది. నది ఒడ్డున పాత ధాన్యం గోదాముల పక్కన కట్టిన స్టేడియంలో పద్దెనిమిది వేల సీట్లుంటే, బాగా ఎండ కాసిన రోజున ఆరు వేలు నిండేవి. మొదటి రెండేళ్లూ తన పాత పత్రికకే ఫోన్ చేసి నాలుగు లైన్లు వేయమని బతిమాలుకోవడంతోనే లొరెయిన్ ఉద్యోగం గడిచిపోయింది. ఒకప్పుడు తన చేత చీవాట్లు తిన్న కుర్రాళ్లే ఇప్పుడు అటువైపు నుంచి, చూద్దాంలే లొరెయిన్, చోటుంటే వేస్తాం అనేవాళ్లు.

మూడో ఏడు మార్చిలో రద్వాన్ నాజీ వచ్చాడు.

ఊరికి ఆనుకుని ఉన్న లాకవానాలో ఉక్కు మిల్లు నడిచిన రోజుల్లో యెమెన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మిల్లు మూతపడినా వాళ్లు కదల్లేదు. రద్వాన్ తాత ఆ మిల్లులో కొలిమి దగ్గర పనిచేశాడు. తండ్రి ముహ్సిన్‌కు రిడ్జ్ రోడ్డు మీద కిరాణా షాపు. రద్వాన్‌కు అప్పటికి పదిహేనేళ్లు నిండి రెండు నెలలు. సన్నటి మనిషి, పొడుగు చేతులు, మాట తక్కువ. హార్బర్ కోచ్ లెన్నాక్స్ పిట్టర్ జమైకావాడు, ఎవరినీ ఊరికే మెచ్చుకునే రకం కాదు. ఆయన ఏడాదిపాటు క్లబ్ జూనియర్ జట్టు ఆడే మ్యాచులన్నీ చూసి, ఒకరోజు యజమాని గదికి వెళ్లి ఆ కుర్రాణ్ణి పెద్ద జట్టులోకి తీసుకుంటానన్నాడు. సరేనన్నారు. క్లబ్ చరిత్రలో అంత చిన్నవాడితో సంతకం పెట్టించుకోవడం అదే మొదలు.

ఆ కబురు పత్రికలకు పంపవలసిన రోజున మంచు తుఫాను. హైవే మీద మంచు తోసే బండి వెనక లొరెయిన్ కారు ఇరుక్కుపోయింది. క్లబ్ యజమాని క్లిఫర్డ్ బ్రాంట్ అయిదు నిమిషాలకోసారి ఫోన్ చేసి, బయటికి పొక్కకముందే మనమే చెప్పాలి, త్వరగా కానీ అని ప్రాణం తీస్తున్నాడు. ఆమె జూనియర్ జట్టు కార్యదర్శికి ఫోన్ చేసి వివరాలు కనుక్కుని, చేతి తొడుగులైనా తీయకుండా ఫోన్ మీద నాలుగు వాక్యాలు కొట్టి పంపేసింది. ముందు బండి కదిలింది. ఆమె ఆ సంగతి మరచిపోయి కారు నడపడంలో పడింది.

ఇరవై నాలుగు మ్యాచుల్లో అరవై ఒక్క గోల్స్ కొట్టిన పదిహేనేళ్ల కుర్రాడు. ఆ ఒక్క వాక్యం సాయంత్రానికల్లా ఊరి టీవీలో వచ్చింది. మర్నాడు ఒక వార్తా సంస్థ దాన్ని దేశమంతా పంచింది. మూడో రోజుకి న్యూయార్క్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇంకా గడ్డం కూడా గీసుకోని పిల్లవాణ్ణి ప్రపంచంలోని గొప్ప గొప్ప ఆటగాళ్ల పక్కన నిలబెట్టి బొమ్మలు వేశారు. ఒక రేడియో అతనైతే ఈ దేశానికి ప్రపంచ కప్పు ఏ సంవత్సరం వస్తుందో తేదీతో సహా చెప్పేశాడు.

బ్రాంట్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు. కార్లు కడిగే షాపులు నలభై పెట్టి పైకొచ్చిన మనిషి, అవకాశం అంటే ఏమిటో తెలిసినవాడు. కుర్రాడికి అరవై ఒకటో నంబరు చొక్కా ఇప్పించాడు. హైవే పక్కన పెద్ద బోర్డు పెట్టించి, దాని మీద ఒక బూటు, ఒక బంతి, ఆ అంకె, అంతే వేయించాడు. తన షాపుల్లో అరవై ఒక్క సెకన్లలో కారు కడిగి ఇస్తామని ప్రకటించాడు. మే నెలాఖరున కుర్రాడు మొదటిసారి మైదానంలోకి దిగుతాడని చెప్పగానే పద్దెనిమిది వేల టికెట్లూ నాలుగు రోజుల్లో చెల్లిపోయాయి.

దేశమంతటా చూసే ఆటల ఛానెల్ బ్రైస్ హాలమ్ అనే పేరున్న విలేఖరిని రెండు వ్యాన్లతో పంపింది. వాళ్లు రద్వాన్ బడిని తీశారు, ఇంటి వెనక సందును తీశారు, లెక్కల టీచరును కూర్చోబెట్టి ఈ అబ్బాయి క్లాసులో కూడా ఇంత చురుగ్గా ఉండేవాడా అని అడిగారు. షాపులో చిప్స్ ప్యాకెట్ల పక్కన ముహ్సిన్‌ను నిలబెట్టి, కొడుకును తలుచుకుని గర్వపడుతున్నట్టు చూడమన్నారు. అతను మామూలుగానే చూశాడు. అది బాగా లేదని నాలుగుసార్లు తీశారు.

నిజం చెప్పాలంటే లొరెయిన్‌కు ఇదంతా హాయిగానే ఉంది. రెండేళ్లు తాను బతిమాలింది, ఇప్పుడు వాళ్లు బతిమాలుతున్నారు. చోటుంటే వేస్తామన్న కుర్రాళ్లకు ఫోన్‌లో తేనెలాంటి గొంతుతో, చూద్దాం నాయనా, కుర్చీ ఖాళీ ఉంటే పిలుస్తాను అనేది. ఆ పని తనకెంత బాగా వచ్చో ఆమెకు తెలుసు.

ఇంత గోలలోనూ కుర్రాడు తన పని తాను చేసుకుపోయేవాడు. పొద్దున బడికి, మధ్యాహ్నం ప్రాక్టీసుకు. మైదానం బయట నోరు మెదపనివాడు లోపలికి వస్తే ముప్పై ఏళ్ల మగవాళ్లకు ఎడమకి జరుగు, నా వెనక్కి రా అని పురమాయించేవాడు. వాళ్లు జరిగేవాళ్లు. ఎందుకు జరుగుతున్నారని ఎవరో అడిగితే, జట్టులో అందరికన్నా పెద్దవాడైన ఫార్వర్డ్ గేలన్ రూస్ బుర్ర గోక్కుని, జరిగితే బంతి నా కాలి దగ్గరికి వస్తోంది మరి అన్నాడు. కోచ్ లెన్నాక్స్‌ను గోల్స్ గురించి అడిగితే, నేను గోల్స్ చూడను, బంతి వచ్చేముందు వాడు ఎటు చూస్తున్నాడో చూస్తాను అన్నాడు. రెండు మాటలూ ఏ పత్రికా వేసుకోలేదు.

శనివారం మ్యాచ్. శుక్రవారం పత్రికలవాళ్ల సమావేశం, నలభై కెమెరాలు వస్తున్నాయి. అంతమంది ముందు కుర్రాడు తడబడకూడదని బుధవారం మధ్యాహ్నం లొరెయిన్ వాణ్ణి తన గదికి పిలిచింది. తానే విలేఖరిలా ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగింది. ఇంట్లో ఏం తింటావు, ఎవరి ఆట ఇష్టం, భయంగా ఉందా. అన్నిటికీ పొట్టిగా, నిబ్బరంగా జవాబులు చెప్పాడు. ఆమె మెచ్చుకుని, అసలు ప్రశ్నకు వచ్చింది.

"ఇరవై నాలుగు మ్యాచుల్లో అరవై ఒక్క గోల్స్. ఎలా సాధ్యమైంది రద్వాన్?"

కుర్రాడు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇది ఉత్తుత్తి ప్రశ్నేనా మిస్ లొరెయిన్?"

"ఇప్పుడు ఉత్తుత్తిదే. శుక్రవారం నిజంగా అడుగుతారు."

"అయితే ఏం చెప్పమంటారు? నేను కొట్టింది పదహారే కదా."

లొరెయిన్ నవ్వింది. వాడు నవ్వలేదు. ఆమె నవ్వు దానంతట అదే ఆగిపోయింది.

"మొదటి వారంలోనే చెప్పాను," అన్నాడు వాడు. "పేపరాయనతో చెప్పాను, రేడియో ఆవిడతో చెప్పాను. వ్యాన్లలో వచ్చిన టీవీ ఆయనకైతే రెండుసార్లు చెప్పాను. ఆయన నవ్వి భుజం తట్టాడు. మర్నాడు చూస్తే నేను చాలా వినయం గల కుర్రాణ్ణని వచ్చింది. నేను కాదన్నకొద్దీ నా వినయం పెరిగిపోతోంది. అందుకని మానేశాను."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు బాబూ?"

"రాసింది మీరే కదా. మీరు పెద్ద పేపర్లో పనిచేశారని నాన్న చెప్పాడు. నాకు తెలియనిదేదో మీరు లెక్కపెట్టారనుకున్నాను."

వాణ్ణి ప్రాక్టీసుకు పంపించి లొరెయిన్ తలుపు మూసుకుంది. కార్యదర్శికి ఫోన్ చేస్తే, పదహారు అనే చెప్పాను, మీరేదో వేరే ఆటలు కూడా కలిపారేమో అనుకున్నాను అన్నాడు ఆయన. ఆమె ఇరవై నాలుగు మ్యాచుల పత్రాలూ తెప్పించుకుని బల్ల మీద పరిచింది. అన్నిటి మీదా రిఫరీల సంతకాలున్నాయి. పెన్సిలు పట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. రెండుసార్లూ పదహారే. తొడుగు వేసుకున్న వేలు ముందు ఆరు నొక్కి, తరువాత ఒకటి నొక్కింది. జరిగింది ఇంతే.

ఆ పత్రాల్లోనే ఇంకో వరస కూడా ఉంది. ఇతరులు కొట్టిన గోల్స్‌లో చివరి పాస్ ఎవరిచ్చారో రాసే వరస. అందులో రద్వాన్ పేరు ముప్పై మూడుసార్లు ఉంది. ఆ వరసను మూడు నెలల్లో ఒక్కరూ చూడలేదు. ఆమె కూడా.

లొరెయిన్‌కు చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్లు ఇలాంటి తప్పు చేసినవాళ్లను పేరు పెట్టి పిలిచి నలుగురిలో నిలబెట్టింది తాను. లేచి మొహం కడుక్కుని, పత్రాలు చంకన పెట్టుకుని బ్రాంట్ గదికి వెళ్లింది.

బ్రాంట్ అంతా విన్నాడు. పత్రాలు మాత్రం ముట్టుకోలేదు.

"ఎవరైనా అడిగారా?"

"లేదు."

"మరి నీకెందుకు తొందర? సోమవారం చిన్న సవరణ పంపు, ఎవరూ చదవరు. శనివారం గడవనీ."

"శుక్రవారం ఆ పిల్లవాణ్ణి నలభై కెమెరాల ముందు కూర్చోబెడుతున్నాం. ఆ అంకె గురించి అడుగుతారు. అవునంటే వాడు అబద్ధమాడినట్టు, కాదంటే వినయం. ఇవాళ ఇది నా తప్పు, క్లిఫ్. సోమవారం నాటికి వాడి తప్పవుతుంది."

"పద్దెనిమిది వేలమంది ఆ అంకెను చూసే టికెట్ కొన్నారు."

"వచ్చి కుర్రాణ్ణి చూస్తారు."

బ్రాంట్ కిటికీలోంచి మైదానం వంక చూస్తూ, మామూలు గొంతుతోనే చెప్పాడు. "శుక్రవారం నువ్వు నోరు తెరిస్తే, సోమవారం నీ బల్ల ఖాళీ చేసుకో."

లొరెయిన్ పత్రాలు సర్దుకుంది. "మంచిది," అంది. ఉద్యోగం పోతుందన్న మాట ఆమెకు కొత్త కాదు. ఒకసారి పోగొట్టుకుంది, పోయాక కూడా పొద్దున్నే లేచి కాఫీ తాగింది.

మెట్ల దగ్గర లెన్నాక్స్ కనిపిస్తే ఆయనకూ చెప్పింది. ఆయన గోడకు చేయి ఆనించి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తాను ఆ ప్రకటన ఏనాడూ చదవలేదట, పేపర్లూ టీవీ చూసే అలవాటే లేదట. అరవై ఒకటో నంబరు చొక్కా ఇస్తే యజమాని సరదా అనుకున్నాడట. "పాపం ఆ తక్కిన పదిమంది ఏం చేసినట్టు?" అన్నాడు. "అరవై ఒకటి కొట్టేవాడైతే నేను వాణ్ణి తీసుకునేవాణ్ణే కాదు. బంతి ఎవరికీ ఇవ్వనివాడు నాకెందుకు?"

గురువారం పొద్దున్నే లొరెయిన్ లాకవానా వెళ్లింది. ఊరికి చెప్పేముందు ఆ ఇంటికి చెప్పాలని ఆమె ఉద్దేశం. ముహ్సిన్ షాపు వెనక గదిలో ఆమెను కూర్చోబెట్టి, యాలకులు వేసి చిక్కగా మరిగించిన పాల టీ ఇచ్చాడు. ఆమె తన తప్పు చెప్పి, క్షమించమంది. అతను గ్లాసు కింద పెట్టి ఊపిరి వదిలాడు.

"నేను ప్రతి మ్యాచ్‌కీ వెళ్లానక్కా. పదహారూ నా కళ్లముందు కొట్టినవే. ఈ షాపుకొచ్చే ప్రతివాడూ అరవై ఒకటంటాడు. కాదంటే నవ్వుతాడు. మా పక్కింటాయన నాతో పాటే గట్టు మీద నిలబడి అన్ని మ్యాచులూ చూశాడు. ఆయన కూడా అరవై ఒకటనే అంటున్నాడు. పోనీ నాకే లెక్క రాదేమో అనుకునేదాకా వచ్చాను."

కొడుకు పది రోజులుగా సరిగా తినడం లేదని, వాళ్లమ్మ వాడికిష్టమైన మటన్ పులుసు కుండ పొయ్యి మీంచి నేరుగా తెచ్చి ముందు పెట్టినా రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడని చెప్పాడు. అబద్ధపు పేరు మోసుకుని నలుగురిలో ఎలా తిరగను అని చెల్లెలితో అన్నాడట. చివరికి అతను ఒకే ఒక్క మాట అడిగాడు.

"రేపు వాణ్ణి చూసి నవ్వుతారా అక్కా?"

"నవ్వుతారు. ముందు నన్ను చూసి నవ్వుతారు. బాగా నవ్వనిస్తాను. వాడి వంతు వచ్చేసరికి అలిసిపోవాలి."

ముహ్సిన్ తల ఊపాడు. ఆమె వెళ్తుంటే ఖర్జూరాల డబ్బా ఒకటి కారులో పెట్టి, వద్దంటే ఒప్పుకోలేదు.

శుక్రవారం పదకొండు గంటలకు గది కిక్కిరిసిపోయింది. గోడ పొడుగునా కెమెరాలు. వెనక తలుపు దగ్గర బ్రాంట్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల వెనక లెన్నాక్స్, రద్వాన్ కూర్చున్నారు. మామూలుగా అయితే లొరెయిన్ అందరికీ స్వాగతం చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆ రోజు తప్పుకోలేదు. మైకు తన ఎత్తుకు సరిచేసుకుంది.

"మొదలుపెట్టే ముందు ఒక సవరణ," అంది. "మార్చి తొమ్మిదిన నేను మీకు పంపిన కాగితంలో ఈ అబ్బాయి అరవై ఒక్క గోల్స్ కొట్టాడని రాశాను. కొట్టింది పదహారు. రెండంకెలు తారుమారు చేసింది తొడుగు వేసుకున్న నా వేలు. సరిచూడనిది నా కన్ను. తప్పు క్లబ్బుదీ కాదు, కోచ్‌దీ కాదు, అబ్బాయిది అసలే కాదు. నా పేరు లొరెయిన్ పజాక్, స్పెల్లింగ్ కావాలంటే చెబుతాను. మ్యాచుల పత్రాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. మూడో వరస కూడా చూడండి, అందులో ఈ అబ్బాయి పేరు ముప్పై మూడుసార్లు ఉంటుంది. అది ఏమిటో కోచ్ చెబుతారు."

ఇద్దరు ముగ్గురు లేచి తలుపు దగ్గరి బల్ల వైపు నడిచారు. తరువాత ఎవరో కిసుక్కుమన్నారు. బ్రైస్ హాలమ్ లేచాడు. ఖరీదైన కోటు, చక్కగా దువ్విన జుట్టు.

"ఈ సంగతి అబ్బాయికి ముందే తెలుసా మిస్ పజాక్? తెలిస్తే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాడు," అంది లొరెయిన్. "మీకే చెప్పాడు, రెండుసార్లు. మీ టేపుల్లో ఉంటుంది, వెళ్లాక వినండి."

గది ఒక్కసారిగా గొల్లుమంది. ముందు వరసలో ఆమె పాత పత్రిక కుర్రాడు బల్ల మీద తల పెట్టుకుని మరీ నవ్వాడు. తర్వాత వాడికే గుర్తొచ్చింది కాబోలు, తనకు కూడా ఒకసారి చెప్పాడని. తల ఎత్తి నోరు మూసుకున్నాడు. హాలమ్ మొహం కందిపోయింది, కానీ కూర్చోలేదు. ఈసారి కుర్రాడి వైపు తిరిగాడు.

"పదహారే అయితే, ఇంత హడావుడికి నువ్వు తగినవాడివేనంటావా?"

లొరెయిన్ అడ్డు వెళ్లబోయింది. రద్వాన్ అప్పటికే మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"హడావుడి చేసింది నేను కాదు కదండీ. దాని సంగతి నాకు తెలీదు. ఆట సంగతి అడిగితే, నాకు బాగా వచ్చు. రేపు రండి, చూద్దురుగాని."

వాడి గొంతులో పొగరు లేదు, బెరుకూ లేదు. లెన్నాక్స్ కాగితాల మీదికి వంగి పెదవి కొరుక్కున్నాడు. నలుగురిలో ఆయన నవ్వు అదే.

సాయంత్రం నుంచి ఏం జరగాలో అదే జరిగింది. అరవై ఒకటి తలకిందులైంది అని శీర్షికలు వచ్చాయి. ప్రపంచ కప్పు తేదీ చెప్పిన రేడియో అతనే, నాకు ముందునుంచీ అనుమానంగానే ఉందన్నాడు. కార్టూనిస్టు లొరెయిన్‌ను పది వేళ్లకూ పది తొడుగులతో గీశాడు. ఆమె ఆ కార్టూను కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. ముక్కు మాత్రం బాగా కుదిరిందని తన చెల్లెలికి ఫోన్‌లో చెప్పింది.

శనివారం పద్దెనిమిది వేలమందీ వచ్చారు. కొన్న టికెట్ వదులుకునే ఊరు కాదది. కొందరు చూడ్డానికి, చాలామంది వెక్కిరించడానికి. గొడ్డుమాంసం పెట్టిన ఉప్పు బన్నులు, బీరు గ్లాసులు పట్టుకుని ఎండలో కూర్చున్నారు. ఆట మొదలైన ఇరవై నిమిషాలకే అవతలి జట్టు ఒక గోల్ కొట్టింది. డెబ్బయ్యో నిమిషంలో లెన్నాక్స్ కుర్రాణ్ణి బెంచీ మీంచి లేపాడు. వేరే చొక్కా కుట్టించే సమయం లేక పాత నంబరు చొక్కాతోనే దిగాడు. వెంటనే ఉత్తరం గ్యాలరీలో ఎవరో మొదలుపెట్టారు, పదహారు, పదహారు అని. నిమిషంలో స్టేడియమంతా అందుకుంది.

మొదటి బంతి వాడి కాలి కింద నుంచి జారిపోయింది. అరుపులు రెట్టింపయ్యాయి. పత్రికలవాళ్ల వరసలో కూర్చున్న లొరెయిన్ పెన్సిలు రెండు ముక్కలైంది. గ్యాలరీలో కింది వరసలో ముహ్సిన్, భార్య, కూతురు కనిపిస్తున్నారు. ముహ్సిన్ కదలకుండా నిలబడి ఉన్నాడు.

రెండో బంతి వచ్చింది. కుర్రాడు దాన్ని ఒక్క తాకుడుతో పక్కకు పంపి నడక మొదలుపెట్టాడు. మూడోది, నాలుగోది కూడా అంతే. పరుగెత్తడం లేదు, ఎవరినీ తప్పించుకుపోవడం లేదు. బంతి వచ్చేముందు మాత్రం వాడి తల ఇటూ అటూ తిరుగుతోంది, రోడ్డు దాటబోయేవాడిలా. కోచ్ మూడు నెలలుగా ఏం చెబుతున్నాడో లొరెయిన్‌కు అప్పుడు అర్థమైంది. పది నిమిషాల్లో హార్బర్ జట్టు ఆట తీరే మారింది. అందరికీ కాళ్లు తేలికైనట్టు, ఎవరు ఎక్కడుండాలో వాళ్లక్కడే ఉన్నట్టు.

ఎనభై నాలుగో నిమిషంలో మైదానం మధ్యలో బంతి అందుకుని, కుడివైపు చూస్తూ, ఎడమవైపు కొట్టాడు. ముగ్గురు మనుషుల మధ్య నుంచి గడ్డిని రాసుకుంటూ వెళ్లిన బంతి గేలన్ రూస్ కాలి ముందు ఆగింది. అతను కేవలం కాలు ఊపాడు. గోల్.

గ్యాలరీ మళ్లీ అదే అంకె అరిచింది. ఈసారి అరుపు వేరు. అరిచేవాళ్లకు కూడా ఆ తేడా తెలిసినట్టుంది, లేచి నిలబడి అరిచారు. ముహ్సిన్ కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కూతురు అతని వీపు తడుతూ ఉండిపోయింది.

ఆట ఒకటి ఒకటిగానే ముగిసింది. రద్వాన్ గోల్ కొట్టలేదు, జట్టు గెలవలేదు. మర్నాడు ఛానెల్‌లో హాలమ్ ముందు తన టేపులు వేశాడు. అందులో కుర్రాడు పదహారు అంటున్నాడు, తాను నవ్వుతూ భుజం తడుతున్నాడు, రెండుసార్లూ. దేశమంతా చూస్తుండగా తన మూర్ఖత్వం తానే చూపించుకున్నాడు. ఆ తరువాత ఎనభై నాలుగో నిమిషం పాస్ ఆరుసార్లు వేశాడు. లొరెయిన్ అతనికి ఫోన్ చేసి, మీరు మా పేపర్లో ఉంటే నేను మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేదాన్ని, ఇవాళ మళ్లీ తీసుకునేదాన్ని అని చెప్పింది.

సోమవారం ఆమె అట్టపెట్టె తెచ్చుకుని బల్ల సర్దడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. బ్రాంట్ గదికి వెళ్తే ఊళ్లో లేడన్నారు. మంగళవారం కూడా అంతే. బుధవారం తరువాతి మ్యాచ్ ప్రకటన రాయమని ఆయన దగ్గర్నుంచి చీటీ వచ్చింది, కింద సంతకం కూడా లేకుండా. రాసింది. నెల రోజులు బ్రాంట్ ఆమెతో మాట్లాడలేదు, అన్నీ చీటీలే. జూన్ చివర లిఫ్టులో ఇద్దరూ ఇరుక్కున్నప్పుడు మాత్రం, టికెట్లు ఇంకా చెల్లుతూనే ఉన్నాయి అన్నాడు, తలుపు వంక చూస్తూ. అదే ఆయన క్షమాపణ అని లొరెయిన్ లెక్కవేసుకుని, పెట్టెలోని సామాను మళ్లీ బల్ల మీదికి ఎక్కించింది.

జులైలో టీవీ వ్యాన్లు దక్షిణాన ఇంకో ఊరికి తరలిపోయాయి. అక్కడ పద్నాలుగేళ్లవాడు దొరికాడట. హైవే బోర్డు మీద పళ్ల డాక్టరు ప్రకటన పడింది. రద్వాన్‌కు దిగులేమీ కలగలేదు. ఆ ఏడు తొమ్మిది మ్యాచులాడి ఒక గోల్ కొట్టాడు, అదీ మోకాలికి తగిలి వెళ్లింది. మరుసటి ఏడాది మొదటి మ్యాచ్ నుంచే పదకొండుమందిలో ఒకడయ్యాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు, వాడు అందరికన్నా తక్కువ ఆశ్చర్యపోయాడు.

ఆ వసంతంలోనే వాడికి కారు నేర్చుకునే పర్మిట్ వచ్చింది. పక్కన లైసెన్సున్న పెద్దవాళ్లెవరైనా కూర్చోవాలి. ముహ్సిన్‌కు పని రోజుల్లో షాపు వదిలి రావడానికి కుదరదు. లెన్నాక్స్‌ను అడిగితే, నాకు భార్యాపిల్లలున్నారు బాబూ అన్నాడు. చివరికి లొరెయిన్ తన పాత కారు తాళాలు వాడి చేతిలో పెట్టింది. స్టేడియం వెనక పార్కింగ్ స్థలంలో, మూలల్లో ఇంకా నల్లటి మంచు కుప్పలు కరుగుతూ ఉండగా, నాలుగు చుట్లు తిప్పాడు. మొదటి చుట్టులో చెత్త డబ్బాను పడగొట్టాడు. రెండో చుట్టులో దిగి దాన్ని లేపి నిలబెట్టాడు. మూడు, నాలుగు బాగానే గడిచాయి. అయిదో చుట్టుకు రావలసినవాడు గేటు దాటి నది రోడ్డు ఎక్కేశాడు.

లొరెయిన్ డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుంది. "పార్కింగ్ దాకానే అనుకున్నాం కదా బాబూ."

"అది అయిపోయింది మిస్ లొరెయిన్," అన్నాడు వాడు, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా. "మీ ఇల్లు బ్రిడ్జికి అవతలే కదా? దింపేసి వస్తాను."

"దింపేసి ఎలా వస్తావు? కారు నాది. ఒక్కడివే నడపడానికి నీకు లైసెన్సు లేదు."

వాడు దాని గురించి కాసేపు ఆలోచించాడు. బ్రిడ్జి దగ్గర పడుతోంది.

"అయితే మా ఇంటికి వెళ్దాం," అన్నాడు. "అమ్మ మధ్యాహ్నం వంట మొదలుపెట్టి ఉంటుంది. తిన్నాక మీరు నడుపుకుంటూ వెళ్లండి."

లొరెయిన్‌కు ఆకలిగానే ఉంది. "మలుపు దగ్గర సిగ్నల్ వెయ్యి," అంది.